సాక్ష్యం చెప్పిన మోకాలు

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు యలహంకలో మా ఇంటికి వస్తుంటారు. ఏ మిషను కొంటే మంచిది, ఏ కోర్సు చేస్తే పేషెంట్లు ఎక్కువ వస్తారు అని అడుగుతారు. నాకు తెలియదంటాను. నిజంగానే తెలియదు. తొంభైల మొదటి నుంచి రెండువేల పదికి కాస్త ముందు దాకా ఒక ఆసుపత్రి కింది అంతస్తులో, కిటికీ లేని గదిలో, ఇతరుల కాళ్ళూ చేతులూ పట్టుకుని కూర్చున్నవాణ్ణి. ఫిజియోథెరపిస్టు అన్న మాట అప్పట్లో సగం మందికి నోరు తిరిగేది కాదు. కాళ్ళు పిసికే ఆయన అనేవాళ్ళు. నేనేమీ బాధపడలేదు, పని చూస్తే దాదాపు అంతే.

ఆ గదిలోకి నవ్వుతూ వచ్చినవాళ్ళు తక్కువ, ఆటగాళ్ళలో మరీ తక్కువ. ముసలివాళ్ళకు నొప్పి తగ్గితే చాలు, చేతులెత్తి దండం పెట్టి పోతారు. ఆటగాడికి నొప్పి ఒక లెక్కే కాదు. వాడికి తేదీ కావాలి. మళ్ళీ ఎప్పుడు ఆడతాను అన్న ప్రశ్నకు జవాబు చెప్పడమే మన ఉద్యోగం అనుకుని వస్తాడు. తేదీ చెప్పకుండా వాణ్ణి కూర్చోబెట్టడం మన ఉద్యోగం అని నేను నేర్చుకునేసరికి చాలాకాలం పట్టింది.

మా పెద్దాయన

నాకు పని నేర్పినాయన రామచంద్రప్ప. మా విభాగానికి పెద్ద. మాలాగే తరాలనాడు ఇక్కడ బెంగళూరులో స్థిరపడిన తెలుగువాడు, ఇంట్లో తెలుగు, బయట కన్నడం. మంచి గురువే గాని మంచి మనిషని చెప్పలేను. పేషెంట్ల ముందే తిట్టేవాడు. మేం చేసిన మంచి పనిని పెద్ద డాక్టర్ల దగ్గర తనదిగా చెప్పుకునేవాడు. చేరిన కొత్తలో నాతో ఏ చికిత్సా చేయించలేదు. మంచి మోకాలు ఒకటి, చెడ్డ మోకాలు ఒకటి పట్టుకుని తేడా చెప్పమనేవాడు. చెప్పింది తప్పయితే చెయ్యి మీద ఒకటి వేసేవాడు. విసుగు పుట్టేది. తర్వాత నా చేతులు పట్టి చెప్పినదాన్ని స్కాన్ ఫోటోలు కూడా ఒప్పుకోవడం మొదలయ్యాక ఆ విసుగు పోయింది.

ఒకరోజు టీ తాగుతూ అన్నాడు.

"నొప్పితో వచ్చినోడితో మనకేం భయం లేదప్పా. వాడు చెప్పినట్టు వింటాడు. నొప్పి పోయిందని వచ్చినోడు ఉండాడే, వాడితో జాగ్రత్తగా ఉండు."

ఆయన దగ్గర నేను దాచుకున్నది ఈ ఒక్క మాట.

నొప్పికీ బలానికీ మధ్య

దెబ్బ తగలగానే వాపు వస్తుంది. వాపు చూసి జనం హడలిపోతారు గాని, అది ఒళ్ళు తన పని మొదలుపెట్టిందనడానికి గుర్తు. కొన్నాళ్ళకు తెగిన చోట కొత్త కండ అల్లుకుంటుంది. అది పచ్చిది, వంకరటింకరగా అల్లినది. కొద్దికొద్దిగా బరువు మోయిస్తూ పోతే నెలల మీద దారిన పడుతుంది. చిక్కేమిటంటే, నొప్పి ఆ పచ్చి దశలోనే వెళ్ళిపోతుంది. నొప్పి పోయిన రోజు ఒకటి, బలం వచ్చిన రోజు ఇంకొకటి. రెంటికీ మధ్య ఒక ఎడం ఉంటుంది. మన వృత్తి అంతా ఆ ఎడంలోనే. చాలామంది ఆటలు ముగిసేది కూడా అక్కడే.

మా బంధువుల్లోనే ఒకతను కబడ్డీ ఆడేవాడు. కాలి ఎముకకు సన్నని చీలిక పడింది. కొన్ని వారాలు కూర్చోబెడితే నొప్పి పోయింది. వాళ్ళమ్మ అప్పటికే మొక్కుకుని ఉంది, కొడుకు కాలు బాగైతే కొండ మెట్లెక్కి వస్తాడని. నాతో చెప్పకుండా తిరుమలకు వెళ్ళి, వట్టికాళ్ళతో మెట్లన్నీ ఎక్కాడు. చీలిక కాస్తా పూర్తిగా విరిగి, జీపులో పడుకోబెట్టి తెచ్చారు.

"ఎందుకెక్కితివప్పా, కొన్నాళ్ళు ఆగేదానికి ఏమైంది?" అన్నాను.

"మొక్కు తీర్చకపోతే మళ్ళీ వస్తాదేమోనని భయమైందన్నా" అన్నాడు.

బాగైందని దేవుడికి లెక్క అప్పజెప్పే తొందరలో బాగవుతున్న కాలిని విరగ్గొట్టుకున్నాడు. అప్పుడు నవ్వుకున్నాను. కొన్నేళ్ళకు ఎస్తేరు వచ్చాక మళ్ళీ ఆ నవ్వు రాలేదు.

ఎస్తేరు

రెండో అంతస్తు వార్డులో దీనమ్మ అని ఒక నర్సు ఉండేది. గుంటూరు వైపు మనిషి. భర్త పోయాక ఒక్కగానొక్క కూతురితో మడివాళలో ఒక గదిలో ఉండేది. వార్డులో నేను ఆమెను సిస్టర్ అనేవాణ్ణి, ఆమె నన్ను అన్నయ్యా అనేది. క్రిస్మస్‌కి గులాబీ పువ్వులనే పిండివంట చేసి డబ్బాలో పంపేది. రోగి పక్క మార్చడం దగ్గర్నుంచి కుట్లు చూడడం దాకా ఆమె చేతిలో పడితే నాకు నిశ్చింత. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఆమె ఏమీ తెలియని మనిషి కాదు.

కూతురు ఎస్తేరు వాలీబాల్ ఆడేది. పొడగరి. బెంగళూరులో పుట్టి పెరిగిన పిల్ల, తెలుగులో సగం ఇంగ్లీషు, కొంచెం కన్నడం. తొంభైల చివర్లో ఒక ప్రభుత్వ కర్మాగారం వాళ్ళ మహిళా జట్టులో ఒక చోటు ఖాళీ అయింది. ఎంపికైతే పర్మనెంటు ఉద్యోగం, ఉండడానికి క్వార్టర్సు. ఇలాంటి ఖాళీ మళ్ళీ ఎన్నేళ్ళకు వస్తుందో ఎవరూ చెప్పలేరు. ఎస్తేరుకు ఆ చోటు వస్తుందని ఆమె కోచ్‌తో సహా అందరూ అనుకుంటున్నారు. ఎంపిక ఆటకు రెండు నెలలు కూడా లేవనగా, ప్రాక్టీసులో బంతి కొట్టి కిందికి దిగుతూ పడిపోయింది.

నా గదిలో బల్ల మీద పడుకుని చెప్పింది. "లోపల టక్ అని సౌండ్ వచ్చింది అంకుల్. తర్వాత లెగ్ నాది కాదన్నట్టు అయిపోయింది."

మోకాలు గుమ్మడికాయలా ఉంది. తొడ ఒక చేత్తో పట్టి, రెండో చేత్తో పిక్కను ముందుకు లాగి చూశాను. మంచి మోకాలు కొంచెం కదిలి గట్టిగా ఆగుతుంది. ఇది ఆగలేదు, సాగుతూ పోయింది. పై ఎముకనూ కింది ఎముకనూ కట్టి ఉంచే లోపలి లిగమెంటు తెగిందని నా చేతులకు అర్థమైపోయింది. పెద్ద డాక్టరు కూడా చూసి అదే అన్నారు.

ఆ లిగమెంటు సంగతి వేరు. కండ తెగితే అతుక్కుంటుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది. ఇది మోకాటి లోపలి నీటిలో ఉంటుంది. తెగిన కొసల దగ్గర రక్తం గడ్డకట్టి నిలవదు, అందుకే చాలావరకు అతకదు. వేరే చోటి నుంచి స్నాయువు ముక్క తీసి ఆపరేషన్‌తో దాని స్థానంలో పెట్టాలి. అయితే వాపు మాత్రం కొన్ని వారాలకు తనంతట తానే దిగిపోతుంది. మనిషి చక్కగా నడుస్తాడు, మెట్లెక్కుతాడు, తిన్నగా పరిగెత్తుతాడు కూడా. ఎగిరి దిగి గిరుక్కున తిరిగినప్పుడే మోకాలు మోసం చేస్తుంది.

ఇదంతా తల్లీకూతుళ్ళిద్దరికీ చెప్పాను.

"ఆపరేషన్ చేయిస్తే ఒక సంవత్సరం ఆట మాట ఎత్తొద్దు. ఈ ట్రయల్స్ వదిలేసేయండి" అన్నాను.

దీనమ్మ కూతురి కాలి వైపు చూసింది. "ఇది వదిలేస్తే దానికి ఇంకేం ఉందన్నయ్యా? చదువు కూడా ఆట కోసమే ఆపించా" అంది. తర్వాత, "ప్రార్థన చేసుకుంటామండీ. ఆ తర్వాత చెబుతా" అంది.

ఆ ఆదివారం

వాళ్ళ సంఘంవాళ్ళు వంతులు వేసుకుని ఉపవాస ప్రార్థనలు చేశారు. ఎస్తేరు నా దగ్గరికి వచ్చి తొడ కండకు బలమిచ్చే వ్యాయామాలు చేసేది. వాపు దిగింది. కాలు పూర్తిగా చాపింది, వంచింది, కుంటు పోయింది. అన్నీ నేను ముందే చెప్పినట్టే జరిగాయి. కానీ నేను చెప్పినట్టు జరగడం ఒకటి, ప్రార్థించినట్టు జరగడం ఇంకొకటి. కళ్ళ ముందు కనిపించేది మాత్రం రెంటికీ ఒకటే.

"ఈ ఆదివారం మీరు తప్పక మందిరానికి రావాలన్నయ్యా" అని పిలిచింది దీనమ్మ. కూతురి కోసం ప్రార్థన అనుకుని వెళ్ళాను. మడివాళలో ఒక దుకాణం పైన పొడుగాటి హాలు. నన్ను మగవాళ్ళ వైపు ముందు కూర్చోబెట్టారు. పాటలయ్యాక దీనమ్మ లేచి మైకు పట్టుకుంది. వాళ్ళలో సాక్ష్యం అంటారు, తమకు జరిగిన మేలును అందరి ముందూ నిలబడి చెప్పడం.

"నా బిడ్డ మోకాలు తెగిపోయిందన్నారు. కోయాల్సిందే అన్నారు. కత్తి తగలకుండా ప్రభువు బాగుచేశాడు. అదిగో, ఆ అన్నయ్య చేతుల్ని వాడుకున్నాడు" అని నా వైపు చూపించింది.

అందరూ తిరిగి నన్ను చూశారు. ఎస్తేరు అందరి ముందుకూ వచ్చి, మెల్లగా రెండు మోకాళ్ళూ నేలకు ఆనించి, తల దించుకుంది. హాలంతా స్తోత్రం స్తోత్రం అన్నారు. ముసలివాళ్ళు ఏడుస్తున్నారు. నిజంగా సంతోషంతోనే ఏడుస్తున్నారు. వాళ్ళ తిండి మానుకుని ఆ పిల్ల కోసం అడిగినవాళ్ళు. వాళ్ళను ఎగతాళి చేసేవాడెవడైనా ఉంటే నా దగ్గరికి రావద్దు.

కానీ మోకరించడం ఆ లిగమెంటుకు పరీక్ష కాదు. లిగమెంటు లేకపోయినా మోకరించవచ్చు. ఆ హాల్లో ఆ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరం. ఒకడిని నేను, ఇంకొకరు మైకు పట్టుకున్న మనిషి.

భోజనాల దగ్గర దీనమ్మను పక్కకు పిలిచాను.

"సిస్టర్, వాపు దిగింది, అంతే. లోపల తెగింది తెగినట్టే ఉండాది. మీకు తెలీదా?"

"తెలుసన్నయ్యా" అంది, చేతిలోని పప్పు గరిటె కింద పెట్టకుండానే. "కానీ మీ చేతులకు తెలిసిందే మొత్తం అని మీరెలా అంటారు? నా బిడ్డ కుంటుకుంటూ వచ్చింది, ఈరోజు నడుస్తోంది. ఒక్కసారి నన్ను సంతోషపడనివ్వండి."

ఆమెకు నచ్చజెప్పమని పెద్ద డాక్టరును కూడా పంపాను. ఆయనతో చాలా మర్యాదగా మాట్లాడి పంపేసింది.

ఆ ఆదివారం తర్వాత ఎస్తేరు వ్యాయామానికి రావడం మానేసింది. కారణం తర్వాత తెలిసింది. బాగైందని సాక్ష్యం చెప్పాక మళ్ళీ ఆసుపత్రి గదిలో కనబడితే, విశ్వాసం లేదా అని సంఘంలో ఎవరో అన్నారట. దాంతో ఆ కాలికి ఉన్న కాస్త ఆసరా, తొడలో పెరుగుతున్న బలం, అదీ ఆగిపోయింది.

కట్టు

ఎంపిక ఆటకు ముందు రోజు మధ్యాహ్నం నేను తలుపు వేసి భోజనం చేస్తుంటే ఎస్తేరు వచ్చింది. దుపట్టా తల మీద కప్పుకుని ఉంది, వాళ్ళమ్మ వార్డువాళ్ళు చూడకుండా.

"అంకుల్, ప్యాంటు లోపల కనపడకుండా గట్టిగా టేప్ వేస్తారా? రేపొక్క రోజుకి."

"కాలు ఎట్లా ఉండాది?"

"మెట్లు దిగేటప్పుడు రెండు సార్లు స్లిప్ అయింది. అమ్మకి చెప్పలేదు."

"అయితే ఎందుకు ఆడేది? జారుతా ఉందని చెప్పి మానుకో తల్లీ."

తల అడ్డంగా ఊపింది. "ఇప్పుడు నేను ఆడలేనంటే అమ్మ అందరి ముందూ అబద్ధం చెప్పినట్టు అవుతుంది అంకుల్. అక్కడ అందరూ ఏడ్చారు. మీరూ చూశారు కదా."

అప్పటిదాకా ఇది ఉద్యోగం కోసం అనుకుంటున్నాను. ఉద్యోగం సంగతి ఆ పిల్ల ఎప్పుడో దాటిపోయింది. ఇప్పుడు ఆ మోకాలు వాళ్ళమ్మ మాటను మోస్తోంది. ఏ లిగమెంటూ మోయలేని బరువు అది.

టేపు వేయనన్నాను. చర్మం మీది కట్టు లోపలి లిగమెంటు పని చెయ్యదు. కట్టు ఉందన్న ధైర్యంతో ఇంకా ఎత్తుకు ఎగురుతుంది. "నేను కట్టు కడితే నేనూ సాక్ష్యం చెప్పినట్టేనమ్మా" అన్నాను. ఆ పిల్ల కోపం తెచ్చుకోలేదు, బతిమాలలేదు. "సరే అంకుల్, థ్యాంక్స్" అని దుపట్టా సర్దుకుని వెళ్ళిపోయింది. అన్నం మీద చెయ్యి పెట్టలేకపోయాను. వార్డుకు పోయి దీనమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. మెట్ల మీద జారిందన్న మాట వినగానే ఆమె మొహం మారింది. రాత్రి మాట్లాడతానంది. మాట్లాడిందట కూడా. "ఏం లేదమ్మా, అంకుల్ ఊరికే భయపెడుతున్నారు" అందట కూతురు. నమ్మాలనుకున్న తల్లికి ఆ మాట చాలింది.

మర్నాడు సెలవు పెట్టి కర్మాగారం మైదానానికి వెళ్ళాను. మట్టి కోర్టు, చుట్టూ తీగ కంచె. దీనమ్మ, సంఘం నుంచి నలుగురైదుగురు ఆడవాళ్ళు ఒక పక్కన నిలబడ్డారు. ఎస్తేరు చాలా బాగా ఆడింది. అది చెప్పకపోతే అన్యాయం. బంతి అందుకోవడానికి లేచినప్పుడల్లా కోర్టు పక్కన కూర్చున్న ఎంపిక చేసే పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. నేను మాత్రం చేతులు చూడలేదు. ప్రతిసారీ పాదాలు నేలకు తగిలే చోటునే చూస్తూ ఉన్నాను.

నెట్ దగ్గర ఎగిరి దిగి, పక్కకు పోయిన బంతి కోసం తిరిగింది. అరుపు కూడా రాలేదు. కూలబడి మోకాలు పట్టుకుంది. నేను చేరేసరికి కాలు సగం వంగి అక్కడే బిగుసుకుపోయింది, చాపలేకపోతోంది. లిగమెంటు లేని ఎముకలు ఒకదాని మీద ఒకటి జారి మధ్యనున్న మెత్తను చీల్చేశాయి. చీలిన ముక్క కీలులో అడ్డం పడింది. మొదటి దెబ్బకు దారి ఉంది. ఈ దెబ్బ తర్వాత ఆ మోకాలు ఎప్పటికీ మంచి మోకాలు కాదు.

దీనమ్మ మట్టిలో కూతురి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలియదు. నేను అన్నదే నిజమైంది. దానివల్ల ఎవరికీ గింజంత మేలు జరగలేదు.

కొత్తవాళ్ళకు

ఎస్తేరును ఆసుపత్రిలో చూడడానికి వాళ్ళ పాస్టరు వచ్చారు. వెళ్తూ వెళ్తూ నా గదిలోకి వచ్చి కూర్చున్నారు. "బాగుచేశాడన్నాం గాని ఆడమని అనలేదండీ" అన్నారు మొదట. తర్వాత, "అలా అంటే చెల్లదులెండి" అని ఆయనే అన్నారు. ఆ తర్వాత ఆ సంఘంలో ఎవరు సాక్ష్యానికి లేచినా ముందు డాక్టరుకు చూపించుకుని రమ్మనేవారు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. కానీ అది వేరేవాళ్ళ మోకాళ్ళకు పనికొచ్చింది.

ఇది ఒక మతం సంగతి అనుకుంటే నా కబడ్డీ బంధువును గుర్తు తెచ్చుకోండి. దేవుడి ప్రసక్తే లేనివాళ్ళనూ చూశాను. రెండువేల తర్వాత కుందలహళ్ళి ఐటీ ఆఫీసుల వైపు నుంచి, ఆఫీసు జట్లలో క్రికెట్ ఆడే కుర్రాళ్ళు రావడం మొదలైంది. నేను ఫిట్ అని అందరికీ మెయిల్ పెట్టేశాను సార్, ఇప్పుడెలా మానను అంటారు. మనిషి బాగైన మాట నలుగురిలో అనేశాక ఒంటికి వెనక్కి పోయే దారి ఉండదు. వాపు ఎప్పుడు దిగుతుందో చెప్పి ఊరుకోకండి. దిగిన రోజు ఇంటివాళ్ళు ఏం చేస్తారో, ఎవరికి చెప్పుకుంటారో అడగండి. అప్పుడు నలుగురికీ చెప్పుకోవడానికి నిజమైన మాట ఒకటి మీరే అందించండి. సగం దూరం వచ్చాం, మిగతా సగం కోసం ప్రార్థించండి అని చెప్పుకోమని దీనమ్మకు ముందే చెప్పి ఉంటే ఏమయ్యేదో. వినేదో లేదో. ఈ వృత్తిలో ఇలాంటివి తేలవు.

ఎస్తేరుకు రెండు ఆపరేషన్లయ్యాయి. నేనే నడిపించాను. నడక వచ్చింది, ఆట రాలేదు, మోకాలు పూర్తిగా వంగడం రాలేదు. మా ఆసుపత్రిలోనే రిసెప్షన్‌లో చేరింది. కుర్చీ పక్కన చిన్న స్టూలు పెట్టుకుని కాలు దాని మీద చాపుకుని కూర్చునేది. వాలీబాల్ మాట నేను ఎత్తలేదు, ఆమె ఎత్తలేదు.

నేను రిటైరవడానికి కొంచెం ముందు దీనమ్మ రిటైరైంది. సంఘంవాళ్ళు కృతజ్ఞతా కూడిక పెట్టి నన్నూ పిలిచారు. అదే హాలు. దీనమ్మను ముందు వరుసలో దండ వేసి కూర్చోబెట్టారు. పాస్టరుగారు, ఇప్పుడు ముసలాయన, "మోకరించి ప్రార్థన చేద్దాం" అన్నారు. కుర్చీలు వెనక్కి జరిగాయి. హాలంతా ఒక్కసారిగా కిందికి వంగింది. చివరి వరుసలో ఎస్తేరు ఒక్కతే కాలు చాపుకుని కుర్చీలో మిగిలింది.

దీనమ్మ దండతోనే లేచింది. వంగిన వీపుల మధ్య నుంచి మెల్లగా నడుచుకుంటూ వెనక్కి వచ్చి, కూతురి పక్క కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంది. ఆమె మోకాళ్ళకు ఏ జబ్బూ లేదు, నేను చూసినవే. భోజనాల దగ్గర ఎస్తేరు నాతో మెల్లగా చెప్పింది.

"నేను గ్రౌండ్‌లో పడిన రోజు నుంచి అమ్మ ఎప్పుడూ మోకరించలేదు అంకుల్. ఇంట్లో కూడా."